మల్లమ్మ నాలుగో నేరేడు కుండ

1957 ఆగస్టు 8, గురువారం. ఉదయం పదకొండు గంటలు. యాలాల్ దాటాక కాగ్నా నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె. కురుమ మల్లమ్మ ఇంటి వాకిలి.

హాజరైనవారు: ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ రామశేషయ్య గారు. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా నేను. జవాను ఖాసిం. ఊరి పోలీసు పటేలు నర్సప్ప. పంచులుగా, అంటే సాక్షులుగా, ఇద్దరు రైతులు. ఇంటి పెద్ద మల్లమ్మ, ఆమె కోడలు సాయమ్మ. గోడవారన నాపరాయి మీద నాలుగు కుండలు. వాటి మూతులకు గొంగడి ముక్కలు కట్టి, ముడుల మీద లక్కతో మా శాఖ సీళ్ళు వేసి ఉన్నాయి.

ఆనాటి నా డైరీ ఇలా మొదలవుతుంది. ఆ ఉదయం తేలవలసింది ఒక్కటే. నాలుగు వారాల కిందట మేము సీలు వేసిన ఆ కుండల్లో ఉన్నది సిర్కానా, అంటే వంటకూ మందుకూ వాడే పుల్లటి వెనిగరా, లేక సారాయా? సిర్కా అయితే మల్లమ్మ జోలికి ఎవరూ రాకూడదు. మత్తు పానీయం అయితే నాలుగూ నేలపాలు చేసి, అరవై ఏళ్ళకు దగ్గరపడిన ఆ మనిషి మీద కేసు రాయాలి. ఆమెకు సంవత్సరం పొడుగునా చేతిలో ఆడేది ఆ నాలుగు కుండలే. కొడుకు గొర్రెల వెంట ఆరు నెలలు ఊరి బయటే ఉంటాడు.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్ళు ఇద్దరు మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో పని ఎలా ఉండేది సార్?" అని అడిగారు. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో చెబితే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. పాత డైరీలు దింపి, ఈ ఒక్క కుండ సంగతి రాసి ఇద్దామనుకున్నాను.

నాలుకతో చేసే పని

1949లో వికారాబాద్‌లో చేరాను. మొదటి పని ఈత చెట్లు లెక్కపెట్టడం. అనంతగిరి గుట్టల కింద వాగుల వెంట తిరిగి, గీతకు ఇచ్చిన చెట్లకల్లా తారుతో నంబరు వేసేవాళ్ళం. నిజాం జమానాలోనే ఉద్యోగంలో చేరిన మా మొదటి అధికారి నాకు మూడు మాటలు చెప్పారు. చెట్టును లెక్కపెట్టు, కల్లు వాసన చూడు, మనిషిని నమ్మకు. మొదటి రెండూ నా ఉద్యోగమంతా పనికివచ్చాయి. మూడోదాన్ని మరిచిపోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

వాసన చూడడం నేర్పినవాడు సాయన్న గౌడ్ అనే గీత కార్మికుడు. ఆయన ఏ చెట్టునూ వరసగా మూడు రోజులకు మించి గీసేవాడు కాదు. తర్వాత మూడు రోజులు దానికి విశ్రాంతి ఇచ్చేవాడు. నేను లెక్కలు రాసుకుంటూ, "చెట్టు ఊరికే నిలబడితే నీకు నష్టం కదా?" అన్నాను.

"నువ్వు ఐతారం నాడు దఫ్తర్ మూస్తవా లేదా?"

"మూస్తాను."

"మరి చెట్టుకు ఐతారం ఉండొద్దా సారూ?"

ఒకరోజు పొద్దున మూడు లొట్లు నా ముందు పెట్టి, ఏది ఎక్కడి చెట్టు కల్లో చెప్పమన్నాడు. మూడూ ఒకలాగే ఉన్నాయన్నాను. ఆయన నవ్వలేదు. ఓపికగా ఒక్కొక్కటీ మళ్ళీ పోశాడు. "గిది వాగు పక్కది. తియ్యగుంటది, పగటి వరకు పులుస్తది. గిది గుట్ట మీదిది. పల్చగుంటది గని మాపటి దాక చెడదు. గిది మొన్నటి దాక పన్న చెట్టుది, ఇయ్యాల తొలి గీత. నాలికె మీద ఉంచుకో, మింగకు."

ఉంచుకున్నాను. అప్పుడు తెలిసింది, మూడూ మూడు రకాలని.

ఆ సాయంత్రమే ఒక విడి నోటుపుస్తకం కుట్టుకున్నాను. అది శాఖకు సంబంధించింది కాదు. ఏ పల్లెలో ఎవరు ఏమి దించుతారు, ఏ చెట్టుది, ఏ నెలలో బాగుంటుంది, దానికోసం వాళ్ళు ప్రత్యేకంగా చేసేదేమిటి అని రాసుకునేవాణ్ణి. కుల్కచర్ల వైపు ఒక ముసలాయన లొట్టిని కానుగ ఆకుల పొగ పట్టి కట్టేవాడు. బొంరాస్‌పేట దారిలో అన్నదమ్ములిద్దరికి ఉన్నవి తొమ్మిది చెట్లు. వాటి కల్లు ఆ ఊరు దాటి ఎప్పుడూ పోలేదు, పోవాలని వాళ్ళకూ లేదు. ఇలాంటివాళ్ళు మన రికార్డుల్లో నంబర్లుగా ఉంటారు. పది మైళ్ళు నడిచి వెళితే తప్ప మనుషులుగా కనిపించరు.

కుర్రవాళ్ళకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మంచి సరుకు రుచి తెలియనివాడు కల్తీని పట్టుకోలేడు. పట్టుకున్నానని అనుకుంటాడు, అంతే. దానికి ఉదాహరణ నేనే.

నేను పారబోసిన కుండ

1955లో తాండూరుకు మారాను. వెళ్ళిన మూడో నెల, వానలు మొదలైన రోజుల్లో, ఆ కాగ్నా ఒడ్డు పల్లెలో తనిఖీకి పోయాను. ఒక కురుమ ఇంటి వాకిట్లో కుండ కనిపించింది. మూతికి గొంగడి ముక్క కట్టి ఉంది. విప్పితే ఊదారంగు రసం, పైన పలచటి పొర, పులిసిన వాసన. నేరేడు పండ్లతో సారా ఊరవేశారని అప్పటికప్పుడే తేల్చేశాను. రుచి చూడలేదు. ఆరేళ్ళు వాసన చూసినవాణ్ణి, ఇక నాలుకతో పనేమిటి అనుకున్నాను.

ఖాసిం నా చెవిలో, "జర ఆగుండ్రి సాబ్, ముసలమ్మను అడుగుదాం" అన్నాడు. నేను ఆగలేదు. కుండ వంచి రాళ్ళ మీద పారబోయించాను. జారి కుండ కూడా పగిలింది.

ఇంట్లోంచి వచ్చిన మనిషి మల్లమ్మ. ఏడవలేదు, తిట్టలేదు. రాళ్ళ మధ్య కూర్చుని చేతులతో ఏదో వెతికింది. దొరకలేదు. లేచి, చెంగుకు చేతులు తుడుచుకుని నాతో అన్నది ఇంతే.

"ఇంక పది దినాలు ఆగితె నీకే ఒక సీసల పోసిస్తుంటి గద సారూ."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. తాండూరు తిరిగి వచ్చాక ఖాసిం నన్ను బజారులో ఒక హకీం దుకాణానికి తీసుకువెళ్ళాడు. హకీం అలమర నుంచి చిన్న సీసా తీసి, రెండు చుక్కలు నా అరచేతిలో వేశాడు. ముక్కు నుంచి మాడు దాకా పులుపు. దాని వెనక నేరేడు వగరు. "కురుమ మల్లమ్మ సిర్కా," అన్నాడు. "కడుపు నొప్పికి ఇంతకన్నా మంచి మందు నా దగ్గర లేదు. గొర్రెలకు కడుపు ఉబ్బినా వాళ్ళు ఇదే పోస్తారు. ఊరగాయలకు సేట్ల ఇండ్లల్లో ఆమె సిర్కానే కావాలంటారు. ఈ ఏడు ఇంకా తేలేదు."

తేలేదు మరి. పారబోసింది నేనే.

రసం సిర్కా అయ్యే దారిలో కొన్నాళ్ళు అది మత్తు పానీయమే. ఆ మధ్య రోజుల్లో చూసినవాడు కేసు రాయవచ్చు. తర్వాత చూసినవాడు కొనుక్కుపోతాడు. ఇది నేను ఆ హకీం దుకాణంలో, ఉద్యోగంలో ఏడో ఏట నేర్చుకున్నాను.

ఇంకొక సంగతి చాలా తర్వాత తెలిసింది. ఆమె రాళ్ళ మధ్య వెతికింది రసం పైన తేలే ఆ పొర కోసం. దాన్ని వాళ్ళు తల్లి అంటారు. అది లేకుండా రసం కుళ్ళుతుందే కాని సిర్కా కాదు. మల్లమ్మ దగ్గరున్న తల్లి ఆమె అత్త నాటిది. ప్రతి ఏడూ పాత పొరలోంచి ముక్క తీసి కొత్త రసం మీద పరుస్తారు. అది పోయాక ఆమె తాండూరులో తన సిర్కా కొన్న ఇల్లిల్లూ తిరిగి, పాత సీసాల అడుగున ఏమైనా మిగిలిందా అని అడిగింది. చివరికి ఒక సేటు గారి భార్య, వాడకుండా మూల పెట్టిన సీసాలో గోరంత పొర ఉందని ఇచ్చింది. ఆ గోరంత అరచేతంత కావడానికి రెండేళ్ళు పట్టింది.

అర్జీ వచ్చిన రోజు

1957లో మాకు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చారు. రామశేషయ్య గారు కోస్తా నుంచి వచ్చారు. మద్య నిషేధం ఉన్న జిల్లాలో పని చేసినవారు. తాగేది ఏదైనా ఆయనకు నేరమే. చెయ్యి శుభ్రం, మాట కరుకు. కానీ ఆయన సంతకం చేసేముందు కాగితం చివరి దాకా చదివేవారు. అది చాలామంది చేయని పని.

జూలైలో ఎవరో సంతకం లేని అర్జీ పంపారు. మల్లమ్మ నేరేడు సారా తీసి ఊరి ఆడవాళ్ళకు పోస్తున్నదని దాని సారం. ఇన్‌స్పెక్టర్ గారు అర్జీ మీద, 'వెంటనే వెళ్ళి స్వాధీనం చేసుకుని పారబోయించవలెను' అని రాశారు.

జూలై 11న ఖాసింతో వెళ్ళాను. వాకిట్లో నాలుగు కుండలు. ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మల్లమ్మ తలా ఒక గరిటె పోస్తున్నది. నన్ను చూసి గరిటె దాచలేదు.

"రా సారూ. పోయినసారి ఆఖరుకు వచ్చినవ్, ఈసారి సరిగ్గ నడుమకు వచ్చినవ్."

"ఏం పోస్తున్నవ్ మల్లమ్మా?"

"పండ్లు ఏరినోళ్ళ గరిటె. రసం సుయ్ మనుడు ఆగినంక, తల్లిని పరిచే ముందర, ఏరినోళ్ళకు తలా ఒక గరిటె పోస్తం. మా అత్త పోసింది, నేను పోస్త. రేపటిసంది ఎవ్వరికి లేదు."

వరసలో చివరన కూర్చున్న ముసలామె, "ఒక్క గరిటెకే కేసు పెడ్తవా? రెండు పోయమను, జర బరువుగ రాసుకుందువు" అన్నది. అందరూ నవ్వారు. ఖాసిం మొగం తిప్పుకున్నాడు.

నేను గరిటె చాపమన్నాను. ఈసారి రుచి చూశాను. పండు తీపి పూర్తిగా పోయింది. వగరు మాత్రం నాలుక మీద మెత్తగా పరుచుకుంది. చివర చిన్న చురుకు, తర్వాత చల్లదనం. గుట్టల నీడలో పెరిగిన నేరేడు చెట్టు కింద నిలబడితే వచ్చే తడి వాసన. నా విడి నోటుపుస్తకంలో ఆ రోజు రాసుకున్న మాట ఇప్పటికీ మార్చను: ఇంతవరకు నేను రుచి చూసినవాటిలో ఇంత శుభ్రంగా ఊరినది మరొకటి లేదు.

ఇక ఉద్యోగం. ఆదేశం పారబొయ్యమని. చట్టం చూస్తే, ఆ రోజు కుండల్లో ఉన్నది మత్తు పానీయమే. ఆరు గరిటెలు పంచడం కూడా నిజమే. అబద్ధం రాయను. అలాగని మళ్ళీ పారబొయ్యలేను. పంచనామాలో గరిటెల సంగతి ఉన్నదున్నట్టు రాసి, ఆ కుండలు సిర్కా అయ్యే దారిలో ఉన్నాయని, నాలుగు వారాలు సీలు వేసి అక్కడే ఉంచి తర్వాత ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట విప్పడం న్యాయమని రాశాను. ఈలోగా ఎవరూ తాగే వీలు ఉండదు.

మల్లమ్మ తల్లిని ముక్కలు చేసి నాలుగు కుండల్లో పరిచింది. తర్వాత ఒకటే మాట చెప్పింది. "బిర్రుగ మూయకు సారూ. దానికి ఊపిరాడాలె. గొంగడైతె ఈగ పోదు, వాన దిగదు, గాలి మాత్రం పోతది."

అందుకని గొంగడి ముక్కల మీదుగా సుతిలి బిగించి, ముడికి చిన్న చెక్క బిళ్ళ కట్టి, లక్క ఆ బిళ్ళ మీద వేశాను. మూడు కుండలు అలా అయ్యాయి. నాలుగోదానికి బిళ్ళ లేదు. అంతలో వాన అందుకుంది. మల్లమ్మ, సాయమ్మ గొర్రె పిల్లల్ని తోలుకురావడానికి దొడ్డి వైపు పరిగెత్తారు. ఖాసిం గొడుగు పట్టాడు. లక్క గొంగడి నూగు మీద నిలవడం లేదు. నిలవకపోయేకొద్దీ ఇంకా వేశాను. చివరికి సీలు నిలిచింది. కుండ మూతి మీద సగానికి పైగా లక్క పలకలా పరుచుకుంది. అందంగానే వచ్చిందని కూడా అనుకున్నాను.

ఆదివారం అంగడి

జూలై 21 డైరీలో నాలుగు ముక్కలు ఉన్నాయి. అప్పట్లో నేను రోజుకు ఇంతే రాసేవాణ్ణి: 'ఆదివారం. అంగడి రద్దీ. మల్లమ్మ వచ్చింది. నాలుగో కుండ సీలు మార్చమని అడిగింది. కుదరదని చెప్పాను.'

డైరీలో లేనిది చెబుతాను. ఆమె ఎనిమిది మైళ్ళు నడిచి వచ్చింది. మా ఆఫీసు మెట్ల కింద నిలబడి, "నాలుగో కుండకు ఊపిరాడుతలేదు సారూ. చెవి పెట్టి ఇన్న. మూడు కుండలు ఒక తీరుగున్నయి, అది ఉలుకుతలేదు, పలుకుతలేదు. మీ సర్కారు ముద్ర, నేను ముట్టొద్దు. నువ్వొచ్చి జర లక్క గీకు" అన్నది.

సీలు ఒకసారి వేశాక ఇన్‌స్పెక్టర్ గారి అనుమతి లేకుండా ముట్టుకోరాదన్నాను. అనుమతి అడగవచ్చు కదా అని నాకు తోచలేదని చెప్పను. తోచింది. అడిగితే, 'సీలు వెయ్యడం కూడా చేతకాదా' అంటారని భయపడ్డాను. ఆయన వచ్చి మూడు నెలలు కాలేదు. మల్లమ్మ కాసేపు నన్ను చూసి, "సరే తియ్" అని అంగడిలోకి పోయింది.

నా ఉద్యోగంలో అతి పెద్ద తప్పు కుండ పగలగొట్టడం కాదు. అది తెలియక చేసింది. ఆ ఆదివారం మెట్ల మీద నిలబడి అన్న మాట తెలిసి అన్నది.

సీళ్ళు విప్పడం

ఆగస్టు 8న ఇన్‌స్పెక్టర్ గారు తానే వచ్చారు. నా పంచనామా పూర్తిగా చదివి వచ్చారు. గరిటెల సంగతి దగ్గర ఎర్ర పెన్సిలు గీత ఉంది.

మొదటి కుండ విప్పాం. గొంగడి ఎత్తగానే పటేలు నర్సప్ప తుమ్మాడు. పైన దళసరి పొర, కింద మాణిక్యం రంగు సిర్కా. ఇన్‌స్పెక్టర్ గారు చెంచాతో చుక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"సిర్కాయే," అన్నారు. రెండోది సిర్కా. మూడోది సిర్కా.

నాలుగోదాని లక్క పలకను ఖాసిం కత్తితో పెకలించాడు. పైన పొర లేదు. అది నల్లబడి అడుగున మునిగి ఉంది. వాసన నాలుగు వారాల నాటి వాసనే, ఇంకా ఘాటుగా. ఇన్‌స్పెక్టర్ గారు రుచి చూడలేదు. చూడనక్కర్లేదు కూడా.

"ఇది మాత్రం సారాయే. ఏమ్మా, మూడు పులిశాయి, ఇదెందుకు పులవలేదు? దీన్ని తాగడానికని విడిగా ఉంచుకున్నావా?"

మల్లమ్మ నా వైపు చూసింది. అర నిమిషం కూడా ఉండదు ఆ చూపు. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"వానలు ఎక్కువున్నయి గద సారూ. గిది గోడ మూలకుంది. చలికి జర ఎనకబడ్డది."

సాయమ్మ, "అత్తా..." అని ఏదో అనబోయింది.

"నువ్వు ఊకో బిడ్డా."

ఆ మాటతో ఆమె మీద కేసు పడుతుంది. ఆమెకు తెలుసు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చేతి సంచిలో డైరీ ఉంది. డైరీ రాసేవాడికి ఒక సౌకర్యం ఉంది, అబద్ధం చెప్పడం కష్టం. ఒక ఇబ్బంది కూడా ఉంది. రాసినదాన్ని ఎవరూ అడగరు కాబట్టి చెప్పకుండా ఊరుకోవడం చాలా సులువు.

డైరీ తీసి జూలై 21 పేజీ చదివాను. ఆమె ఎందుకు వచ్చిందో, ఏం చెప్పిందో, నేను ఎందుకు కుదరదన్నానో కూడా చెప్పాను. పలకలా ఊడిన లక్కను ఆయన చేతికి ఇచ్చాను. "దీనికి గాలి ఆడకుండా చేసింది నేనండి. పంచనామాలో అలాగే రాస్తాను."

ఆయన లక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "రాస్తే నీకు మెమో వస్తుందయ్యా."

"రాయకపోతే ఆమెకు కేసు వస్తుందండి."

మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంచుల్లో ఒకాయన నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. అప్పటిదాకా దూరంగా ఉన్న ఖాసిం, "ఇంకో దారి లేదా అమ్మా?" అని మల్లమ్మనే అడిగాడు.

"ఎందుకు లేదు? మూడో కుండ సిర్కా నాలుగు దోసిళ్ళు గిండ్ల పోసి, పైన తల్లిని పరుస్తె, తల్లి బతికితె నెలకు ఇది గూడ పులుస్తది. సార్లు ఒప్పుకోవాలె గద."

ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. "సిర్కా కలిపితే ఇది తాగడానికి పనికొస్తుందా?"

"తాగి చూడుండ్రి మల్ల. రెండు దినాలు నోరు తెరవరు."

మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. "అయితే నా ఎదుట కలపమ్మా. తాగడానికి పనికిరానిదాని మీద నేను కేసు రాయలేను. ఆ గరిటెలకు హెచ్చరికతో సరి." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఈ రాత్రి పటేలు గారింట్లో ఉండు. రేపు పొద్దున ఈ కుండ ఎలా ఉందో చూసి, రాసి తీసుకురా. ఈసారి నాలుగు ముక్కలు చాలవు, పూర్తిగా రాయి" అన్నారు.

మెమో మాత్రం వచ్చింది. ఇవ్వడం న్యాయమే. కటువుగా ఉంటూనే న్యాయంగా ఉండే అధికారి మెత్తగా ఉండే అధికారి కంటే మేలని నేను ఇప్పటికీ అంటాను. ఆయన దగ్గర మరో మూడేళ్ళు పని చేశాను.

మల్లమ్మ పని చూడాలి. దోసిళ్ళతో సిర్కా కలిపింది. మూడో కుండలోని పొర అంచు నుంచి అరచేతంత ముక్క కోసింది. దాన్ని తడిపిన మోదుగ ఆకు మీదికి జార్చి, ఆకును రసం మీద పెట్టి, ఊపిరి బిగబట్టి ఆకును ఒక పక్కకు లాగింది. పొర రసం మీద ముడత లేకుండా నిలిచింది.

"తెల్లారేసరికి తేలుతుంటె బతికినట్టు," అన్నది. "మునిగితె పోయినట్టు. మల్ల ముక్క తీద్దామంటె మూడు కుండలు గూడ బీదగైతయి."

మరునాడు పొద్దున

ఆగస్టు 9, శుక్రవారం. ముసురు వెలిసి పలచటి ఎండ వచ్చింది. ఖాసింను వెంట తీసుకుని వెళ్ళేసరికి మల్లమ్మ కుండల ముందు కూర్చుని రొట్టెలు కొడుతున్నది. పొయ్యి కావాలనే అక్కడికి జరిపినట్టుంది. నాలుగో కుండ గొంగడి ఇంకా విప్పలేదు.

"చూడలేదా?" అన్నాను.

"నువ్వు రావాలె అని ఆగిన. రాసేది నువ్వు గద. ఇప్పు."

సుతిలి ముడి విప్పాను. గొంగడి ఎత్తాను. ఊదారంగు రసం మీద, నిన్న ఆమె పరచిన చోటనే, పొర తేలుతూ ఉంది. అంచుల దగ్గర, కంటికి ఆనీ ఆననంత పలచగా, నిన్న లేని మెరుపు వచ్చింది.

మల్లమ్మ వంగి చూసింది. వేలు పెట్టలేదు, ఊదలేదు. "పట్టింది," అన్నది. గొంగడి మళ్ళీ తానే కప్పి వదులుగా కట్టింది. అలవాటు చొప్పున నా చెయ్యి సంచిలోని లక్క కోసం పోయింది. ఆమె పిండి చేతితోనే నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఖాసిం పకపకా నవ్వాడు.

జొన్నరొట్టె, ఉల్లిగడ్డ నా ముందు పెట్టింది. తినడానికి కూర్చున్నాక నిన్నటి నుంచి అడగాలనుకుంటున్నది అడిగాను.

"నిన్న నా పేరు ఎందుకు చెప్పలేదు మల్లమ్మా? నీ మీద కేసు పడేది కదా?"

పెనం మీది రొట్టె తిప్పుతూ చెప్పింది.

"చెప్తె నిన్ను ఈడికెల్లి తీసేస్తరు. నీ జాగల ఇంకొకడు వస్తడు. వాడు గూడ వస్తనే ఒక కుండ పారబోస్తడు, ఇంకో కుండకు ఊపిరాడకుంట చేస్తడు. వానికి మల్ల మొదటిసంది చెప్పాలె. నాకు గంత ఓపిక లేదు. తిను, రొట్టె సల్లారుతది."